హైదరాబాద్ నుంచి డాలస్‌కి అసలు ఎన్ని గంటలు? పదకొండున్నరా, పదహారా, ఇరవైమూడా?

ఖమ్మం_నాని
తలకాయ తిరిగిపోతోంది, ఎవరైనా తేల్చండి. మా అమ్మ (64 ఏళ్లు) జనవరిలో మొదటిసారి డాలస్ వస్తోంది, ఒక్కతే. "ఎంతసేపురా ప్రయాణం" అని నెల కిందట అడిగితే, దూరాలు చూపించే ఓ సైట్‌లో చూసి చెప్పేశా: 14,400 కిలోమీటర్లు, 16 గంటలు. అమ్మ ఆ పదహారు మనసులో పెట్టేసుకుంది. "తిరుపతి బస్సులో పోలా, దానికంటే ఓ నాలుగ్గంటలు ఎక్కువ" అని పక్కింటివాళ్లకి కూడా చెప్పుకుంది.

నిన్న టికెట్ తీశా, దోహా మీదుగా. సోమవారం తెల్లవారుజామున 3:50కి శంషాబాద్‌లో ఎక్కితే సోమవారమే మధ్యాహ్నం 3:20కి డాలస్‌లో దిగుతుంది. చెల్లి ప్రింట్ తీసి ఇస్తే అమ్మ వేళ్ల మీద లెక్కేసి "పదకొండున్నర గంటలేగా, పదహారన్నావేం" అంది. అదే కాగితం కింద చిన్న అక్షరాల్లో మొత్తం 23 గంటలని ఉంది. అది నాన్న కంట పడింది. "మిగతా ఏడు గంటలు ఈమెని ఎక్కడ కూర్చోబెడతారు?" అని ఒకటే కంగారు. మూడు లెక్కల్లో ఏది నిజమో నాకే అర్థం కావట్లేదు, వాళ్లకేం చెప్పను?

ఫ్రిస్కో_పద్మ
23 నిజం. మిగతా రెండూ మర్చిపో తమ్ముడూ.

రన్‌వే09
పద్మగారూ, మర్చిపొమ్మంటే ఎలా, అమ్మగారు ఒప్పుకోవద్దూ? మూడూ ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్తే ఒప్పుకుంటారు.

పదకొండున్నర: ఎక్కే టైము మన గడియారం, దిగే టైము డాలస్ గడియారం. టికెట్ మీద ఎప్పుడూ ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. జనవరిలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. దిగినప్పుడు అక్కడ సోమవారం మధ్యాహ్నం 3:20 అంటే ఖమ్మంలో మంగళవారం తెల్లవారుజాము 2:50. సోమవారం 3:50 నుంచి మంగళవారం 2:50కి లెక్కేసుకోండి, సరిగ్గా 23.

పదహారు: ఆ సైట్‌వాళ్లు గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దగ్గరి దూరం తీసుకుని గంటకి 900 కిలోమీటర్లతో భాగించారు. 14,400ని 900తో భాగిస్తే 16. అంతే. అలాంటి విమానం ఉందా లేదా అని వాళ్లు చూడరు. హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా పోయే విమానమే లేదు.

ఓరుగల్లు_పిలగాడు
మార్చి రెండో ఆదివారం ఈడ అమెరికాల గడియారం గంట ముందుకు జరుపుతరు. అప్పటిసంది తేడా పదిన్నరే. మా బాపు ఏప్రిల్ల వచ్చిండు, నేను పదకొండున్నర లెక్క పెట్టుకొని గంట ముందే పోయి బెంచీ మీద కూసున్న.

ఖమ్మం_నాని
@రన్‌వే09 అన్నా, ఇప్పుడు అర్థమైంది. ఫోన్లో అమ్మకి ఇదే చదివి వినిపించా. "అంటే నేను దిగేసరికి ఇక్కడ మీ నాన్న నిద్రపోతుంటాడన్నమాట" అంది. అంతే కదా!

ఇంకో సందేహం. ఇండియా నుంచి అమెరికాకి పడమటి వైపు పోతారా, తూర్పు వైపు పోతారా? ఆ సైట్‌లో గీత నిట్టనిలువుగా పైకి పోయింది. అది తప్పేనా?

లెక్కల_మాస్టారు
తప్పు కాదు నాయనా, గీత సరైనదే. నేను నెల్లూరులో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఈ ప్రశ్న పిల్లలు అడిగితే గ్లోబూ, పూలు కట్టే దారమూ తెప్పించేవాణ్ణి. హైదరాబాద్ మీద దారం కొస ఒక వేలితో నొక్కి, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగాలి. గోడ మీద పటంలో అట్లాంటిక్ దాటాల్సిన దారం ఇక్కడ తానే జారి పైకి పోతుంది, ఉత్తర ధ్రువం పక్కన ఆగుతుంది.

హైదరాబాద్ తూర్పు రేఖాంశం 78.4 డిగ్రీలు. దానికి సరిగ్గా ఆవలి వైపు ఉండేది పశ్చిమ రేఖాంశం 101.6. డాలస్ విమానాశ్రయం 97 దగ్గర ఉంది. అంటే రెండూ భూమికి దాదాపు ఎదురెదురు వైపులు. ఎదురెదురుగా ఉన్నవాళ్లకి దగ్గరి దారి నెత్తిమీదుగానే.

నోటితో చేయగల లెక్క చెప్తాను. శంషాబాద్ అక్షాంశం 17.2, అక్కడి నుంచి ధ్రువానికి 72.8 డిగ్రీలు. డాలస్ 32.9, ధ్రువం నుంచి కిందికి 57.1. కలిపితే 129.9. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 14,400 పైచిలుకు. సైట్ వాళ్లు చెప్పిన అంకె వచ్చిందా లేదా?

గోదారి_గట్టు
మాస్టారూ, చప్పట్లు. మా అబ్బాయికి గ్లోబు కొనిపెట్టి మూడేళ్లయిందండి, ఇవాళే దాని మీద దుమ్ము దులిపాం. దారం నిజంగానే ఢిల్లీ మీదుగా పైకి పోయిందండి!

లెక్కల_మాస్టారు
అవును, ఢిల్లీని ఆనుకునే పోతుంది. తర్వాత కశ్మీరు, కజకిస్థాన్, సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం. దిగేటప్పుడు కెనడాలో హడ్సన్ అఖాతం పడమటి ఒడ్డు, కాన్సాస్ మైదానాలు. ధ్రువానికి అయిదొందల కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది.

బే_ఏరియా_బుజ్జి
గ్లోబులో బాగానే ఉంటుంది మాస్టారూ, నిజంగా అలా పోరు. కారకోరం పర్వతాలు, టిబెట్ పీఠభూమి వైపు విమానాలు వీలైనంత తక్కువ పోతాయి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే 10,000 అడుగులకి దిగాలి, కింద కొండలే 20,000 అడుగులుంటే ఎక్కడికి దిగుతారు? పైనుంచి వేలాడే ఆక్సిజన్ మాస్కులు పావుగంట అటూఇటూగానే పనిచేస్తాయి. పైగా ఆకాశం కూడా సరిహద్దులే. 2022 నుంచి అమెరికా, యూరప్ విమానాలకి రష్యా మీద దారి లేదు. 2025 ఏప్రిల్‌లో మన విమానాలకి పాకిస్థాన్ దారి మూసేసింది. దారం కొలిచే దూరం వేరు, విమానం తిరిగే దూరం వేరు.

లెక్కల_మాస్టారు
బుజ్జి చెప్పింది ఒప్పుకుంటున్నాను. నాది భూమి లెక్క, ఆమెది దారి లెక్క. కానీ భూమి లెక్క తెలియకపోతే ఎంత చుట్టు తిరుగుతున్నామో కూడా తెలియదు కదమ్మా.

రన్‌వే09
ఆ చుట్టు ఎంతో చూద్దాం, నాకూ ఆసక్తి పుట్టింది. హైదరాబాద్–దోహా సుమారు 2,900. దోహా–డాలస్ 12,750 దాకా. మొత్తం 15,650. నేరు దారి కంటే 1,250 కిలోమీటర్లే ఎక్కువ, గంటన్నర ప్రయాణం. దుబాయ్ మీదుగా అయితే 15,450 చిల్లర. లండన్ మీదుగా 7,750, 7,630, కలిపి 15,380. ఏ దారైనా ఒక్కటే కాస్త అటూఇటూ. నాని వాళ్ల నాన్నగారు అడిగిన ఆ ఏడు గంటల్లో చాలావరకు దూరంలో పోవట్లేదు. రెండుసార్లు ఎక్కడం, రెండుసార్లు దిగడం, మధ్యలో ఆగడం, ఎదురుగాలి, వీటిలో పోతున్నాయి.

టికెట్ మీద రాసే గంటలు గాల్లో ఉండేవి మాత్రమే కావని కూడా చెప్పండి. గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే కోసం క్యూలో నిలబడ్డ ఇరవై నిమిషాలు కూడా అందులోనే. అందుకే దోహాకి 2,900 కిలోమీటర్లే అయినా నాలుగున్నర గంటలు వేస్తారు. భాగిస్తే గంటకి 650 కూడా రాదు.

సిరిసిల్ల_సిన్నోడు
మరి ఎదురుగాలి అంటే? ఆకాశంల గంటకి 900 పోయేదానికి గాలి ఏం జేస్తది అన్నా

రన్‌వే09
చాలా చేస్తుంది తమ్ముడూ. విమానాలు తిరిగే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అని పెద్ద గాలి నది ఉంటుంది. చలికాలంలో గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే. దోహా నుంచి డాలస్‌కి పోతే 16 గంటలు పైనే వేస్తారు, అదే డాలస్ నుంచి దోహాకి పద్నాలుగున్నర అటూఇటూ. దూరం మారలేదు, గాలి మారింది. పడవ ఏటికి ఎదురీదినట్టు. అందుకే దారి కూడా రోజూ ఒకటే ఉండదు. బయల్దేరే ముందు ఆ రోజు గాలి చూసి దారి గీస్తారు. ఒక రోజు గ్రీన్‌లాండ్ కనిపిస్తుంది, ఇంకో రోజు కనిపించదు.

ఫ్రిస్కో_పద్మ
నేను చూశాను గ్రీన్‌లాండ్! మూడోసారి వస్తున్నప్పుడు. కిటికీ తెర రెండు వేళ్లంత పైకెత్తితే కింద తెల్లటి గడ్డ, మధ్యలో నీలం గీతలు. పక్కన కూర్చున్న పెద్దావిడ "ఎవరో ముగ్గు వేసినట్టుంది" అంది.

మూర్తి_హూస్టన్
అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. ఇన్ని లక్షలమంది మనవాళ్లు ఇక్కడున్నారు, హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఎందుకు వేయరు? విమానాలు అంత దూరం పోలేవా?

రన్‌వే09
పోగలవు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కి 2018 మార్చిలో మొదలెట్టారు, 14,500 కిలోమీటర్లు. మన హైదరాబాద్–డాలస్ కంటే ఓ వంద ఎక్కువే. సింగపూర్–న్యూయార్క్ 15,300 పైన, పద్దెనిమిదిన్నర గంటల పైమాట. మన హైదరాబాద్ నుంచే 2021 జనవరిలో షికాగోకి నేరుగా వేశారు, 13,280 కిలోమీటర్లు. తర్వాత ఆగిపోయింది.

ఇబ్బంది ఎక్కడంటే, అంత దూరం పోవాలంటే ఇంధనం నింపాలి, ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి. మొదటి పది గంటలు తాగే నూనెలో కొంత, చివరి ఆరు గంటల నూనెని మోయడానికే పోతుంది. బరువు తగ్గించాలంటే సీట్లు తగ్గించాలి. పెర్త్–లండన్ బోయింగ్ 787 విమానంలో 236 సీట్లే పెట్టారు. నలుగురు పైలట్లు కావాలి, వాళ్లు పడుకోడానికి చోటు కావాలి. సీట్లు తక్కువైతే టికెట్ ప్రియం. మనవాళ్లు పాతికవేలు తక్కువకి వస్తుందంటే దోహాలో ఆగడానికి సిద్ధం, నాతో సహా. ఆ సంగతి విమానం వాళ్లకీ తెలుసు.

బే_ఏరియా_బుజ్జి
నేరు విమానాల్లో ఇంకో మాట. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటి విమానం వచ్చింది కదా, కెప్టెన్ జోయా అగర్వాల్, కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్లే, ఉత్తర ధ్రువం మీదుగా, 14,000 కిలోమీటర్లు, 17 గంటలు. ఆ రోజు మా ఇంట్లో పండగలా చూశాం. కానీ ఆ చలి దారిలో ఇంధనం ఎంత చల్లబడుతోందో కనిపెట్టుకుంటూ ఉండాలి. మామూలు విమాన ఇంధనం సున్నాకి దిగువన నలభై నుంచి నలభై ఏడు డిగ్రీల మధ్య గడ్డకట్టడం మొదలెడుతుంది. దారిలో అవసరమైతే దిగడానికి ఊళ్లు కూడా దూరం దూరంగా ఉంటాయి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి మా శాన్‌ఫ్రాన్సిస్కోకి వస్తున్న విమానం ఇంజిన్ సమస్యతో రష్యాలో మగదాన్ అనే చోట దిగాల్సి వచ్చింది. అందరూ క్షేమంగా ఉన్నారు, ఇంకో విమానం పంపి తీసుకొచ్చారు.

ఖమ్మం_నాని
అక్కా, ఇది మాత్రం అమ్మకి చదివి వినిపించను.

బే_ఏరియా_బుజ్జి
వద్దొద్దు! అమ్మ దారి వేరే, భయం లేదు.

మూర్తి_హూస్టన్
నాని, ఒక మాట పట్టుబట్టి చెప్తున్నా. పెద్దవాళ్లకి దోహా, దుబాయ్ దారి సరైంది కాదు. నాలుగున్నర గంటలు, తర్వాత ఏకంగా పదహారు. ఆ పదహారు మోకాళ్లకి నరకం. లండన్ దగ్గర ఆగితే పదీ పదీగా సమంగా విరుగుతుంది. మా అత్తగారికి కాళ్లు పొంగి చెప్పులు పట్టలేదు, తర్వాతసారి లండన్ మీదుగా తెప్పించాను, హాయిగా నడిచి వచ్చారు.

ఫ్రిస్కో_పద్మ
మూర్తిగారూ, నేను ఒప్పుకోను. మా అమ్మకి రెండు దారులూ అయ్యాయి. లండన్‌లో టెర్మినల్ మారాల్సొచ్చింది, బస్సెక్కాల్సొచ్చింది, మళ్లీ తనిఖీ. ఇంగ్లీషు రాని మనిషికి ఆ హడావిడే ఎక్కువ కష్టం. దోహాలో అదే భవనంలో వీల్‌చైర్‌లో తీసుకెళ్లి గేటు దగ్గర దింపారు. చుట్టూ సగంమంది తెలుగువాళ్లే. రాజమండ్రి ఆవిడెవరో పులిహోర కూడా పెట్టిందట. ఆ పదహారు గంటల్లో మా అమ్మ ఎనిమిది నిద్రపోయింది. పది గంటల ముక్కల్లో అయితే ఏదీ సరైన నిద్ర కాలేదు.

ఓరుగల్లు_పిలగాడు
నేను పద్మక్క దిక్కు. మా బాపు కూడా పెద్ద ముక్కలనే మంచిగ పండుకున్నడు.

మూర్తి_హూస్టన్
సరే, మనిషిని బట్టి. మోకాళ్ల నొప్పులుంటే నా మాట, భాష రాకపోతే పద్మగారి మాట. ఏ దారైనా రెండు గంటలకోసారి లేచి నడవాలి, నడవా పక్క సీటు తీసుకోవాలి. కాళ్లకి బిగుతు సాక్సులు డాక్టర్‌ని అడిగి కొనండి.

గోదారి_గట్టు
నా గోడు కూడా వినండి, నానీ తప్పు చేయకుండా. మా నాన్నగారికి డబ్బు కలిసొస్తుందని రెండు వేరువేరు టికెట్లు తీశాను. మధ్యలో మూడు గంటలు ఉంది, చాలనుకున్నాను. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యం. రెండోవాళ్లు "మీ ఆలస్యంతో మాకు సంబంధం లేదు" అనేశారు. వాళ్ల వైపు నుంచి అది నిజమేనండి, టికెట్లు విడివిడి కదా. సామాను ఒక దేశంలో, నాన్న ఇంకో దేశంలో. పంచె కట్టుకున్న మనిషి, చేతిసంచీలో బీపీ మాత్రల డబ్బా, నా ఫోన్ నంబర్ రాసిన చీటీ, అంతే. కుర్చీలోనే పద్నాలుగు గంటలు కూర్చున్నారు. ఎవరో మలయాళీ కుర్రాడు తన ఫోన్ ఇస్తే నాకు చేశారు. "ఏం కంగారు లేదురా, ఇక్కడ ఏసీ బావుంది" అన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నిద్రపట్టదండి. ఒకే టికెట్ తీసుకోండి. ఒకే టికెట్ మీద ఉంటే ఆలస్యమైనా తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత వాళ్లదే.

ఖమ్మం_నాని
అయ్యో. చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. మాది ఒకే టికెట్ అన్నా. దోహాలో 2 గంటల 20 నిమిషాలు. సరిపోతుందా?

రన్‌వే09
ఒకే టికెట్, ఒకే భవనం కాబట్టి సరిపోతుంది. వీల్‌చైర్ మాత్రం ఇప్పుడే పెట్టించు, కనీసం 48 గంటల ముందు. అమ్మగారికి ఒకే మాట చెప్పు: దోహాలో దిగగానే అందరితోపాటు లేచి నడవొద్దు, వీల్‌చైర్ మనిషి వచ్చేదాకా సీట్లోనే ఉండాలి. చాలామంది పెద్దవాళ్లు మొహమాటానికి నడిచేసి తప్పిపోతారు.

ఫ్రిస్కో_పద్మ
షుగర్ ఉందా నానీ? ఉంటే మాత్రలు ఏ టైముకి వేసుకోవాలో ఖమ్మం డాక్టర్ చేతే రాయించు. 23 గంటల్లో పగలు రాత్రి కలిసిపోతాయి, "భోజనం తర్వాత" అంటే ఏ భోజనం తర్వాతో తెలియదు. ఇన్సులిన్ అయితే చేతిసంచీలోనే, కింద సామానులో వేస్తే గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాలస్‌లో ఇమిగ్రేషన్ దగ్గర "తెలుగు" అని గట్టిగా చెప్తే చాలు, తెలిసినవాళ్లనో ఫోన్లో దుబాసీనో పిలుస్తారు.

ఖమ్మం_నాని
షుగర్ ఉందక్కా, మాత్రలే. రేపే రాయిస్తా.

సిరిసిల్ల_సిన్నోడు
నా మాట: ఇంటికాడి నుంచి లెక్క చెప్పండి అమ్మకి. 23 కూడా అబద్ధమే. ఖమ్మం నుంచి శంషాబాద్ నాలుగైదు గంటలు, మూడు గంటల ముందు పోవాలె, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏ లారీ అడ్డమొస్తదో

ఖమ్మం_నాని
మూడు వారాల తర్వాత మళ్లీ వస్తున్నా. అమ్మ వచ్చేసింది!

డాక్టర్ రాసిచ్చిన మాత్రల చీటీ వెనకాల అమ్మ తనే టైములు రాసుకుంటూ వచ్చింది. చేతి గడియారం మార్చలేదు, అంతా ఖమ్మం టైమే. ఆదివారం సాయంత్రం 6:00 ఇల్లు. 11:00 విమానాశ్రయం. 3:50 కదిలింది. "8:20 మొదటిది దిగాం, కుర్చీ అబ్బాయి నేపాల్ వాడు, మంచివాడు." 10:40 మళ్లీ కదిలింది. తర్వాత పెద్ద ఖాళీ, మధ్యలో ఒక్క మాట: "కింద అంతా మంచు." ఆఖరున "మంగళవారం 2:25 నేల." అంటే గాలి కాస్త దయ చూపింది, 25 నిమిషాలు ముందే దిగింది. తనిఖీలు, సామాను అయ్యి బయటికి 4:10, మా గుమ్మం 5:00.

మొత్తం 35 గంటలు. సిన్నోడు చెప్పిందే నిజం. అమ్మ ఇల్లు చేరగానే నాన్నకి ఫోన్ చేసి మొదట అన్నమాట "లేచారా?"

లెక్కల_మాస్టారు
ఆ చీటీ పారేయకు నాయనా. తిరుగు ప్రయాణంలో కూడా రాయమను. దోహా దాకా గంటన్నర తగ్గాలి. తగ్గిందో లేదో నాకు చెప్పు.

గోదారి_గట్టు
చాలా సంతోషం నానీ. పచ్చళ్లు క్షేమంగా వచ్చాయా?

ఖమ్మం_నాని
గోంగూర వచ్చింది. ఆవకాయ సీసా మూత దగ్గర కొంచెం కారింది, చీర కొంగుతో కట్టి ఉంది కాబట్టి బతికిపోయింది. తిరుగు టికెట్ జూన్‌లో మాస్టారూ, తప్పకుండా రాస్తా.